శాలువా వద్దంటున్న ఫొటోగ్రాఫరును ఎలా గౌరవించాలి?

'పెన్నా ఒడ్డు' అనే కలం పేరుతో వచ్చిన ప్రశ్న:

మాది కోవూరు. నెల్లూరులో ఉద్యోగం చేస్తూ రోజూ పెన్నా వంతెన దాటే జనంలో నేనూ ఒకదాన్ని. మా వీధిలో ఎనభై దాటిన ఫొటోగ్రాఫరు ఒకరున్నారు. పేరు ఆయన్ను అడగకుండా ఇక్కడ రాయలేను. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆయనకు చాలా ఏళ్లు స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, బారసాలలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, వీటితోనే సంసారం నడిచింది. కానీ ఎక్కడైనా జనం రోడ్డెక్కారని తెలిస్తే చాలు, స్టూడియో తమ్ముడికి అప్పజెప్పి కెమెరా సంచీ భుజాన వేసుకుని బయలుదేరేవారట. ఏ పత్రికా ఆయన్ను పంపలేదు, రీలు ఖర్చు ఎవరూ ఇవ్వలేదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపేశారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది కానీ అప్పుడు ప్రకాశం జిల్లాయే. ఊరొదిలి వచ్చి చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్న కుటుంబాల దగ్గరకు ఈయన రైలెక్కి వెళ్లారు. తర్వాత సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభ ఏర్పడింది. ఆ నెలల రీళ్లన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఇక 1992లో మన కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డప్పటి నుంచి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయ్యేదాకా జిల్లా అంతా తిరిగి తీసినవి మరో పెట్టెడు.

ఆగస్టు 19 ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఆయనకు సన్మానం చేద్దామని మా చదువరుల బృందం అనుకుంది. ఆ మాట చెప్పడానికి వెళితే నవ్వి, "మన నెల్లూరులో శాలువా కప్పుకునే చలి ఎప్పుడు పడిందమ్మా?" అన్నారు. ఆయన భార్య బీరువా తెరిచి చూపించారు. మడత విప్పని శాలువాలు ఒక అర నిండా ఉన్నాయి, మధ్యమధ్య నాఫ్తలీన్ గోలీలు. నెగటివ్‌ల రేకు పెట్టె మాత్రం మంచం కింద ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరులోకి నీళ్లు వచ్చినప్పుడు దాని అడుగు వరుస తడిసిందట. ఒక కవరు తీసి కిటికీ వెలుతురుకు పట్టారు. బటర్ పేపరు ఫిల్ముకు అతుక్కుపోయి, మధ్యలో బూజు వేర్లలా పాకింది. ఆ బూజు పక్కనే ఒక పాప మొహం మాత్రం స్పష్టంగా ఉంది.

అందరం తలా కొంత వేసుకుంటే పాతిక వేలు పోగవుతాయి. మాలో సగం మంది టౌన్ హాలులో సభ, ఫ్లెక్సీ, నగదు బహుమతి అంటున్నారు. మిగతావాళ్లు ప్రదర్శన అంటున్నారు. అమెరికాలో నల్లజాతి వారి పౌరహక్కుల పోరాటాన్ని ఫొటోలు తీసినవాళ్లకు మ్యూజియంలే ఉన్నాయని విన్నాను. మనలాంటి ఊళ్లో, ఈ డబ్బుతో ఏం చేస్తే ఆయనకు తగిన గౌరవం అవుతుంది?

ట్రంకు రోడ్డు జవాబు:

మీ ఉద్దేశం మంచిదే కానీ సభ వద్దనుకోకండి. పెద్దలు వేదిక మీద ఉంటేనే పత్రికల వాళ్లు వస్తారు, పత్రికలో పడితేనే అధికారులు పట్టించుకుంటారు. ఇది లోక రివాజు. ఆయన వద్దన్నా శాలువా కప్పించండి, మొహమాటానికి అలాగే అంటారు. పద్మ పురస్కారానికి ఆయన పేరు పంపండి. ఎవరైనా పంపవచ్చు, ఆన్‌లైన్‌లోనే. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరుగా పేరున్న హోమాయి వ్యారావాలాకు 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు తొంభై ఏడు. ఆలస్యంగానైనా ఇచ్చారు కదా. మా ఫొటోగ్రాఫర్ల సంఘం తరఫున జ్ఞాపిక మేం చూసుకుంటాం.

డార్క్‌రూం తాత జవాబు:

అమ్మా, ముందు ఆ పెట్టెను మంచం కింద నుంచి పైకి తీయించండి. సభ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఒంగోలులో ఒక స్టూడియో డార్క్‌రూంలో ప్రింట్లు వేసి బతికినవాణ్ణి. కెమెరా పట్టింది తక్కువ, ఎర్ర బల్బు కింద ట్రేలో మొహాలు తేలుతుంటే చూసింది ఎక్కువ. అందుకని నా మనసు ఫొటో తీసినవాడి కన్నా ఫొటోలో ఉన్నవాళ్ల వైపు మొగ్గుతుంది. చదివేటప్పుడు ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

పెట్టె మూత తీయగానే వెనిగర్ లాంటి పులిసిన వాసన కొడుతోందా? కొడితే ఆ ఫిల్ముకు ఆధారమైన ఎసిటేట్ ప్లాస్టిక్ పాడైపోవడం మొదలైందని గుర్తు. ఆ ఆవిరి పక్కన ఉన్న మంచివాటిని కూడా చెడగొడుతుంది. వాసన ఉన్నవాటిని వేరే డబ్బాలోకి మార్చి, గాలి ఆడే చోట ఉంచి, ముందుగా వాటినే స్కాన్ చేయించాలి. అతుక్కుపోయిన కవర్లను మాత్రం గోరు పెట్టి ఊడదీయకండి. బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. కాగితంతో పాటు ఆ పొరే ఊడి వస్తుంది, మీ చేతిలో పారదర్శకమైన ఖాళీ ముక్క మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి విడదీసే పద్ధతి ఉంది, అది చేయి తిరిగినవాళ్లకు వదిలేయండి. తడిగుడ్డతో తుడవడం, నోటితో ఊదడం, ఎండలో పెట్టడం, ఇవేవీ వద్దు. ఆ నాఫ్తలీన్ గోలీలు శాలువాలకే ఉంచండి, ఫిల్ము దగ్గరకు రానివ్వకండి.

బజారులో దొరికే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు చవక. వాటిలో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ పాలీప్రొపిలీన్ స్లీవ్‌లు గానీ తెప్పించండి. వంటింటి గోడకు ఆనుకోని గదిలో, నేలకు ఎత్తుగా, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. సముద్రపు గాలి తగిలే జిల్లాలు మనవి, తేమే మన మొదటి శత్రువు. ఇదంతా మీ పాతిక వేలలో మూడో వంతు కూడా మింగదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా వైపు ఒక పాత స్టూడియో మూసినప్పుడు నెగటివ్‌లన్నీ కిలోల లెక్కన వెండి తీసేవాళ్లకు పోయాయి. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ అంటే వెండే కదా. మేం వాడి పారబోసే హైపో నీళ్లను, అంటే ఫిల్ము కడిగే మందు నీళ్లను, కూడా డబ్బాల్లో కొనుక్కుపోయేవాళ్లు ఉండేవారు. యజమాని కొడుకును తిట్టబుద్ధి కాదు. గది అద్దె నెత్తిన ఉంది, పాత పెళ్లిళ్ల నెగటివ్‌లు ఎవరికి కావాలనుకున్నాడు. ఆ గోతాల్లో పెళ్లిళ్లతో పాటు ఏమేం పోయాయో నాకు తెలుసు, వాటిలో చాలావాటికి ప్రింట్లు వేసింది నేనే.

ఇక మీరు అడిగిన గౌరవం సంగతి. ఆయన్ను కూర్చోబెట్టి పేర్లు చెప్పించండి. నా లెక్కలో అదే అసలు సన్మానం.

మా రోజుల్లో నెగటివ్ అంచున ఇండియన్ ఇంకుతో నంబరు వేసి, రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా తేదీ, పార్టీ పేరు, అంటే ఫొటో తీయించుకున్నవారి పేరు, రాసేవాళ్లం. ప్రింటు అడగడానికి వచ్చే పార్టీ ఉంటేనే పేరు. ఉద్యమాల రీళ్లకు పార్టీ ఉండదు కాబట్టి ఆ గడి ఖాళీ. మహా అయితే 'చీరాల క్యాంపు', 'సారా లేడీస్' అని ఉంటుంది. ఆ రిజిస్టర్లు ఆయన దగ్గర ఉంటే బంగారమే. లేకపోతే ఆయన జ్ఞాపకమే రిజిస్టరు. ఎనభై దాటిన మనిషి అంటున్నారు. ఆగస్టు దాకా ఆగడం ఎందుకు? చిన్న చిన్న ప్రింట్లు వేసి ఆయన ముందు పరచండి. వెనుక పెన్సిలుతో రాయండి. ఫలానావారి భార్య అని రాస్తే ఒప్పుకోకండి, ఆవిడ పేరేమిటో రాబట్టండి.

అమెరికా సంగతి అడిగారు. గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫరు 1942లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ కార్యాలయం ఊడ్చే ఆవిడను చీపురుతో, తడిగుడ్డ కర్రతో జాతీయ జెండా ముందు నిలబెట్టి ఫొటో తీశారు. అది లోకమంతా తెలిసిన బొమ్మ. నాకు నచ్చింది ఆ తర్వాత ఆయన చేసిన పని. ఆవిడ ఇంటికి వెళ్లారు, చర్చికి వెళ్లారు, మనవలతో ఉన్నప్పుడు తీశారు. అందుకే ఆవిడ 'ఒక పాకీ మనిషి'గా మిగిలిపోలేదు. ఎల్లా వాట్సన్ అనే పేరుతో చరిత్రలో ఉంది.

1963 మే నెలలో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఊరేగింపుగా వచ్చిన పిల్లల మీదకు పోలీసులు కుక్కలను వదిలారు, నిప్పులార్పే గొట్టాలతో నీళ్లు కొట్టించారు. చార్లెస్ మూర్ తీసిన ఆ ఫొటోలు లైఫ్ పత్రికలో వచ్చాయి. కుక్క ఒక కుర్రవాడి పొట్ట మీదకు ఎగబడే ఫొటో తీసింది బిల్ హడ్సన్. మరుసటి ఏడాది జులైలో అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చింది. చట్టం ఫొటోల వల్లే వచ్చిందని నేననను, జైళ్లు నింపిన ఆ పిల్లల వల్ల వచ్చింది. కానీ ఇంట్లో కూర్చున్నవాళ్లు 'అంత ఘోరం జరగలేదులే' అనే వీలు లేకుండా చేసింది ఆ ఫొటోలే. ఇప్పుడు అదే చోట, కెల్లీ ఇన్‌గ్రామ్ పార్కులో, ఆ కుక్కలూ ఆ నీటి గొట్టాలూ శిల్పాలుగా నిలబడ్డాయి. ఫొటో తీసినచోటికే తిరిగి వచ్చింది, చూశారా. మీరు కూడా టౌన్ హాలు తర్వాత చూసుకోండి. ముందు దూబగుంటలో, చీరాలలో పెట్టండి ఆ ప్రదర్శన. బడి వరండా చాలు.

ట్రంకు రోడ్డు గారికి ఒక మాట. వ్యారావాలా గారికి పద్మవిభూషణ్ ఇచ్చిన మాట నిజమే. దానికి ముందే ఆమె తన సంగ్రహాన్ని ఫొటోలు భద్రపరిచే ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషన్‌కు అప్పగించారు. పతకం లేకపోయినా ఆ ఫొటోలు బతికేవి. పెట్టె లేకుండా పతకం ఒక్కటే మిగిలితే దాన్ని ఏ గోడకు తగిలించుకుంటారు?

సూటిమాట జవాబు:

అందరూ పొగుడుతున్నారు కాబట్టి ఒకరు అడగాలి. నేను నెల్లూరు పాతకాపును, మీరు చెప్పేది ఎవరి గురించో నాకు అర్థమైంది. ఆ స్టూడియో నుంచే పోలీసులకు పంచనామా ఫొటోలు వెళ్లేవి. ధర్నాల్లో ఎవరెవరు ముందు వరుసలో ఉన్నారో చూపించే ఫొటోలు కూడా వెళ్లాయని అప్పట్లో చెప్పుకునేవారు. పగలు ఉద్యమం ఫొటోలు, రాత్రి పోలీసులకు ప్రింట్లు అయితే, ఆ మనిషికి పౌరహక్కుల పేరుతో సన్మానం ఏమిటి?

డార్క్‌రూం తాత జవాబు:

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. రెండు విషయాలు కలిపేశారు, విడదీసి చూద్దాం.

పంచనామా ఫొటో తీయడం నేరం కాదు. అప్పట్లో స్టేషనుకు సొంత ఫొటోగ్రాఫరు ఎక్కడున్నాడు? కానిస్టేబులు సైకిలు మీద వచ్చి స్టూడియో ముందు నిలబడేవాడు. రమ్మంటే వెళ్లాల్సిందే. చెరువు గట్టు మీదో రైలు పట్టాల పక్కనో శవం, చుట్టూ జనం, ముక్కుకు గుడ్డ కట్టుకుని మా ఓనరు. బిల్లు వచ్చేసరికి సంవత్సరం తిరిగేది. ఆ ప్రింట్లు నేనూ వేశాను. రాత్రి అన్నం సహించేది కాదు. అయితే ఆ ఫొటోలే కోర్టులో చనిపోయినవాడి తరఫున మాట్లాడిన సందర్భాలూ ఉన్నాయి.

ధర్నాలో ముందు వరుస ఫొటోలు ఇవ్వడం వేరు. అది నిజమైతే చిన్న విషయం కాదు. మెంఫిస్ నగరంలో ఎర్నెస్ట్ విథర్స్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫరు ఉండేవాడు. 1955లో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి మిసిసిపీలో తెల్లవాళ్లు చంపితే, ఆ కేసు విచారణ ఫొటోలు తీసి సొంతంగా చిన్న పుస్తకం వేసి అమ్మాడు. 1968లో చెత్త లారీ యంత్రంలో నలిగి ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. వాళ్ల తోటివాళ్లు సమ్మె చేశారు. 'నేను మనిషిని' అని రాసిన అట్టలు పట్టుకుని వీధి పొడవునా వరుసగా నిలబడ్డ వాళ్ల ఫొటో ఉంది. మార్చి 28న తీసింది, విథర్స్‌దే. వారం తిరిగేసరికి ఏప్రిల్ 4న అదే ఊళ్లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. విథర్స్ 2007లో పోయాడు. ఆయన అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి రహస్యంగా సమాచారం ఇచ్చేవాడని మెంఫిస్ పత్రిక ఒకటి 2010లో బయటపెట్టింది. కింగ్ మనుషులు తమ సమావేశాల్లోకి రానిచ్చిన మనిషి ఆయన.

ఇప్పుడు ఆ ఫొటోను గోడ నుంచి దించేయాలా? దించితే విథర్స్‌కు పోయేదేమీ లేదు, అట్టలు పట్టుకుని నిలబడ్డ కార్మికులు పోతారు. మెంఫిస్‌లో ఆయన పేరుతో మ్యూజియం ఇప్పటికీ ఉంది. ఫొటో ఉంచి, పక్కన ఈ సంగతీ రాయాలని నా పక్షం. అయితే ఇద్దరికీ ఒక తేడా ఉంది. విథర్స్ పోయాక గానీ నిజం బయటపడలేదు, ఆయన్ను అడిగే వీల్లేకపోయింది. మీ పెద్దాయన కోవూరులోనే ఉన్నారు కదా. వెనకాల గుసగుసలెందుకు, ఎదురుగా కూర్చుని అడగండి. ఆయన ఏం చెబితే అది, చెప్పనంటే చెప్పనన్నారని, రాసుకోండి.

కలిగిరి కోడలు జవాబు:

నాకు ఈ ఫొటోగ్రాఫరు ఎవరో తెలియదు. కానీ ఆయన తీసిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉండే అవకాశం ఉంది. ఎవరో దినపత్రిక నుంచి కత్తిరించిన ముక్క, మా అత్తగారి ట్రంకు పెట్టె మూత లోపలి వైపు అతికించి ఉంటుంది. నలుగురు ఆడవాళ్లు, ముందు కాలిపోతున్న సారా ప్యాకెట్ల కుప్ప. ఎడమ చివర చీర కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో పలక పట్టుకున్నది మా అత్తగారు. మంట దగ్గరకు పలక ఎందుకు తెచ్చావని అడిగితే, "రాత్రి బడి నుంచి అటే పోయాం, ఇంట్లో పెట్టి రావడానికి తీరిక ఎక్కడిది" అంటుంది. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న సీతమ్మ కథ ఇప్పటికీ చెప్పగలదు. తాగుబోతు మొగుడు, సారా, చివరికి ఆ సీతమ్మ చావు. అది పాఠంలా అనిపించలేదంటుంది, పక్కింటి గోలలా ఉందట.

ఫొటో కింద 'సారాపై కన్నెర్ర చేసిన మహిళలు' అని ఉంది. పేరు లేదు. దూబగుంట రోశమ్మ గారి పేరు లోకానికి తెలుసు, తెలియాల్సిందే. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో ఊరికి ఒక్కో రోశమ్మ ఉంది. తాత గారు చెప్పినట్టు పేర్లు రాయిస్తే మా అత్తగారిని కోవూరు తీసుకొచ్చే పూచీ నాది. మిగతా ముగ్గురినీ కూడా గుర్తుపడుతుంది. అందులో ఒకావిడ పోయింది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఆ రోజుల్లో తాగి వీధిలో పడిపోయిన మగవాళ్ల ఫొటోలు కూడా తీసి ఉంటారు. మా మామగారివీ ఉండవచ్చు. ఆయన తర్వాత మానేశారు, మనవళ్లను ఎత్తుకుని తిరిగారు, గౌరవంగా పోయారు. ఆ ఫొటో ఊరి బడి వరండాలో కనబడితే మా పిల్లలు ఏమనుకోవాలి? మా అత్తగారిని అడిగితే "పెట్టుకోనీ, నేను పడ్డది అబద్ధమా" అంటుంది. నేనైతే వద్దంటాను. మా ఇంట్లోనే రెండు మాటలు ఉన్నాయి చూడండి. అడగకుండా మాత్రం పెట్టకండి.

డార్క్‌రూం తాత జవాబు:

కలిగిరి అమ్మగారూ, మాట మీ అత్తగారిది. పడ్డది ఆవిడ కాబట్టి. మీ పిల్లలకు మీరు సర్దిచెప్పుకోండి.

ఇందాక ఎమెట్ టిల్ పేరు చెప్పాను. కొడుకు మొహం గుర్తుపట్టలేనంతగా ఛిద్రమైతే, శవపేటిక మూత తెరిచే ఉంచాలని షికాగోలో పట్టుబట్టింది వాళ్లమ్మ మేమీ టిల్. నా బిడ్డకు ఏం చేశారో అందరూ చూడాలన్నది. ఆ ఫొటో జెట్ పత్రికలో వచ్చింది, తీసింది డేవిడ్ జాక్సన్. తీర్పు తల్లిది. పెన్నా ఒడ్డు గారూ, మీ పెద్దాయన పెట్టెలో కారంచేడు మృతుల ఫొటోలు ఉంటే, వాటిని ప్రదర్శనలో పెట్టాలో లేదో తేల్చాల్సింది చీరాలలో ఉన్న ఆ కుటుంబాలే. మీ బృందం గానీ, నేను గానీ, ఆఖరికి ఆ ఫొటోగ్రాఫరు గానీ కాదు.

నల్లకోటు జవాబు:

హక్కుల సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోకు తొలి యజమాని తీసినవారే. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంత వరకు, తీయించుకున్నవారిది. కాబట్టి పెళ్లి ఫొటోలు ఆయా కుటుంబాలవి, సొంత ఖర్చుతో తీసిన ఉద్యమ ఫొటోలు ఆయనవి. 2012 సవరణ తర్వాత ఫొటోలకు కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రేపు స్కాన్ చేసిన ఫైళ్లు ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు వాడుకోవచ్చు, డబ్బు వస్తే ఎవరికి అన్నది ఆయన బతికుండగానే కాగితం మీద రాయించండి. నోటిమాటను నమ్ముకుంటే వారసుల కాలంలో పెట్టె కోర్టులో ఉంటుంది. అమెరికాలో అలబామా రాష్ట్రం సెల్మా వంతెన మీద 1965 మార్చి 7న పౌరహక్కుల ఊరేగింపుపై పోలీసులు చేసిన దాడిని తీసిన స్పైడర్ మార్టిన్ సంగ్రహం, ఆయన పోయాక టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి చరిత్ర భాండాగారం బ్రిస్కో సెంటరుకు చేరింది. అలబామా ఫొటోలు టెక్సాస్‌లో ఉన్నాయి. అలా వేరే చోటికి వెళ్లినా ఫరవాలేదా, జిల్లాలోనే ఉండాలా అన్నది కూడా ఆయన్నే అడిగి రాయండి.

పెన్నా ఒడ్డు జవాబు:

అందరికీ కృతజ్ఞతలు. పెట్టె ఇప్పుడు పై గదిలో చెక్క బల్ల మీద ఉంది. వెనిగర్ వాసన ఒక్క కట్టలోనే వచ్చింది, దాన్ని వేరు చేశాం. రిజిస్టర్లు రెండు దొరికాయి. తాత గారు అన్నట్టే ఉంది: పెళ్లిళ్లకు ఇంటిపేరుతో సహా ఉన్నాయి, ఉద్యమాల ఎదురుగా 'ఓన్' అని ఒక్క ముక్క. సొంత ఖర్చు అని అర్థమట. నల్లకోటు గారికి ఇది పనికొస్తుందనుకుంటాను.

పోలీసుల సంగతి అడిగాను. అడగడానికి నాకే మొహమాటం వేసింది, ఆయనకు వేయలేదు. "పంచనామాలకు వెళ్లేవాణ్ణి. ఇంటివాళ్లు అడిగితే వాళ్లకూ ఒక కాపీ ఇచ్చేవాణ్ణి, స్టేషనుకు తెలియకుండా. ధర్నా ఫొటోలు అడిగినప్పుడు రీలు వెలుతురు తగిలి పొగబారిందని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఒకసారి ఇచ్చాను. స్టూడియో లైసెన్సు మాట ఎత్తారు, ఇచ్చాను. అందులో ఉన్న ఇద్దరిని స్టేషనుకు పిలిచి రాత్రంతా కూర్చోబెట్టారు." ఆ ఇద్దరి పేర్లూ చెప్పారు. ఇదంతా ఫోనులో రికార్డు చేశాను, ఆయనకు చెప్పే చేశాను. ప్రదర్శనలో ఆ ఫొటో కింద ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టమన్నారు.

పేర్ల పని మొదలుపెట్టాం. ఊహించని సంగతి ఏమిటంటే, ఆయన కన్నా వాళ్లావిడకు ఎక్కువ గుర్తుంది. ఆయన ఒక ఫొటో చూసి "ఇది దూబగుంట" అంటే, ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "వెనక ఉన్న గుడి చూడండి, దూబగుంట ఎలా అవుతుంది?" అన్నారు. ప్రింట్లు కడిగి ఆరబెట్టింది, కవర్లలో పెట్టింది, మచ్చలు పడ్డచోట సన్న కుంచెతో దిద్దింది అంతా ఆవిడేనట. స్టూడియో బోర్డు మీద ఆయన పేరే ఉండేది. ఆగస్టు 19న సభ చిన్నదే, వాళ్ల మేడ మీద. ఆహ్వానంలో ఇద్దరి పేర్లూ వేస్తున్నాం. ట్రంకు రోడ్డు గారూ, జ్ఞాపిక చేయిస్తే దయచేసి రెండు పేర్లతో చేయించండి. కలిగిరి అమ్మగారూ, మీ అత్తగారి కత్తిరింపు ఫొటో తీసి పంపండి, రీలు వెతుకుతాం. పలక పట్టుకున్న ఆవిడ ఎక్కడో కనబడినట్టే ఉంది కానీ ఒట్టేసి చెప్పలేను.

స్కానింగుకు మా ఆఫీసులో ఒకరు కెమెరా, మాక్రో లెన్సు ఇస్తామన్నారు. లైట్ బాక్సు కొన్నాం. డార్క్‌రూం తాత గారూ, మొదటి రెండు రోజులైనా ఒంగోలు నుంచి వచ్చి దగ్గరుండి చూపించగలరా? రానూ పోనూ టికెట్లు మావి.

సూటిమాట జవాబు:

ఆ ఇద్దరిలో ఒకరు నాకు బాగా తెలిసినవారు. ఆ రాత్రి గురించి ఆయన చెప్పింది, మీరు రాసింది సరిపోయాయి. ఆ మాటల్లో ఈ తెలిసినాయన పేరు వేసే ముందు ఆయన్నూ అడగండి, ఫోను నంబరు విడిగా పంపిస్తాను. సభకు వస్తాను.

డార్క్‌రూం తాత జవాబు:

వస్తాను. ఫిల్మును అంచులు పట్టుకోవడానికి నూలు గ్లౌజులు, దుమ్ము ఊదడానికి రబ్బరు బ్లోయరు తెచ్చి పెట్టండి. నిగనిగలాడే వైపు లెన్సుకు, మసకగా ఉండే వైపు లైటుకు ఉండాలి, లేకపోతే కుడిచేతి వాళ్లంతా ఎడమచేతి వాళ్లవుతారు. ప్రతి ఫ్రేమును టిఫ్ ఫైలుగా (నాణ్యత తగ్గని రకం) దాచి, ఒక ప్రతి కోవూరులో, ఒకటి వేరే ఊళ్లో పెట్టాలి, పెన్నా మళ్లీ రాదని రాసిచ్చినవాళ్లు ఎవరూ లేరు. వాళ్లావిడను కూడా బల్ల దగ్గరే కూర్చోబెట్టండి, వంట ఆ రెండు రోజులు మీ బృందం చూసుకోవాలి. పని జరిగేటప్పుడు దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపేయాలి. ఈ ఉక్కపోతలో పెద్దవాళ్లిద్దరూ ఎంతసేపు కూర్చోగలరో కనుక్కోండి. కష్టమంటే తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడదాం, నాకు అలవాటే.